వయసు: 8 నెలలు

అన్నప్రాశన రోజు మా బుడ్డది ఏం పట్టుకుందో నిజం చెబుతాను. చాప మీద పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, ఐదొందల నోటు, పూలు, చిన్న చాకు వరసగా పెట్టాం. వీడియో తీయడానికి నలుగురు ఫోన్లు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. అది వాటి వంకైనా చూడకుండా బోర్లా పడి, దేక్కుంటూ పాయసం గిన్నెలోని గరిటె దగ్గరికి పోయింది. ఆకలేసిన పిల్ల ఇంకేం చేస్తుంది? మా అమ్మ గరిటె తీసి వెనక్కి పెట్టింది. దాని మేనత్త పుస్తకాన్ని ఓ జానెడు ముందుకు జరిపింది. రెండో టేకులో దాని చెయ్యి పుస్తకం మీద పడింది. ఇల్లంతా చప్పట్లు. ‘‘సరస్వతీ కటాక్షం!’’ అన్నారెవరో. ఆ వీడియో చుట్టాల గ్రూపులన్నీ తిరిగింది. గరిటె సంగతి బయటి వాళ్లకి తెలీదు.

నెల తిరక్కుండా అదే పిల్లని గ్రంథాలయానికి తీసుకెళ్లొస్తానంటే అదే ఇంట్లో గొడవ.

‘‘ఏమే, మతుండే మాట్లాడుతున్నావా? అక్కడ పుస్తకాల నిండా దుమ్ము. ముసలాళ్లు దగ్గుతుంటారు. మగాళ్లు పేపర్లు చదువుకునే చోటికి చంటిదాన్నేసుకుని ఎవరన్నా వెళ్తారా?’’ అంది అమ్మ.

నాన్న పేపరులోంచి తల ఎత్తకుండానే, ‘‘వెళ్లనీవే. మహా అయితే ఏడుస్తుంది. బస్సులో ఏడవడం లేదా?’’ అన్నాడు.

దుమ్ము సంగతి నిజమే. దిష్టి అంటారా, అరికాలికి చుక్క పెట్టే ఉంది. మగాళ్ల సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అమ్మ చెప్పింది ఉన్న మాటే. చిన్నప్పుడు నాన్న సైకిలు మీద ముందు కూర్చుని ఆదివారాలు నేను వెళ్లిన గ్రంథాలయం అది. అప్పుడూ వరండాలో ఏటవాలు బల్లల మీద పేపర్లు, వాటి చుట్టూ పంచెలు, లుంగీలు. మా అమ్మ ఈ ఊరు కాపురానికొచ్చి ముప్పై మూడేళ్లు. ఒక్కసారి కూడా ఆ మెట్లెక్కలేదు. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

మా ఊరి శాఖా గ్రంథాలయం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా. శుక్రవారాలు, రెండో శనివారాలు సెలవు. రెండో శనివారం కాని ఓ శనివారం చూసుకుని, తొమ్మిదింటికి, దానికి పాలు పట్టించి, సంచిలో రెండు డైపర్లు, ఓ తుండు, నీళ్ల సీసా వేసుకుని బయల్దేరాను. పెళ్లి చూపులకెళ్లినప్పుడు కూడా నాకింత టెన్షన్ లేదు.

చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. లోపల పెద్ద హాలులో పొడుగు బల్లలు. వాటి మీద సొంత పుస్తకాలు, సొంత వాటర్ బాటిళ్లు పెట్టుకుని గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పరీక్షకీ చదువుకునే పిల్లలు ఓ పాతిక మంది. గోడల వెంట అద్దాల బీరువాలు, ప్రతి దానికీ తాళం. ఓ మూల బీరువా మీద పెయింటుతో ‘బాలల విభాగం’ అని రాసి ఉంది, దానికీ తాళమే. పైన గోడకి ‘నిశ్శబ్దం పాటించండి’. మా బుడ్డది ఆ బోర్డు కిందే గొంతెత్తి ‘‘త్తాత్తాత్తా’’ అంది. ఆ వారం దానికి కొత్తగా వచ్చిన అక్షరం అది.

పాతిక తలలు లేచాయి. కొన్ని నవ్వాయి, కొన్ని నవ్వలేదు. కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి ఒకడు పుస్తకం మూసి, బాటిలు తీసుకుని, కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తిపట్టుకుని బయట కానుగ చెట్టు కిందికి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. ఆ కుర్చీ ఎత్తిన తీరు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. తిట్టి ఉంటే నాలుగు మాటలు అనడానికి నాకూ వీలుండేది.

వరండాలోకి వచ్చేశాం. అక్కడో పెద్దాయన, రిటైరైన మాస్టారట, పేపరు రెండు చేతుల్తో చాపి చదువుతున్నారు. మాది ఆ పేపరు అంచు పట్టుకుంది. నేను గుండె చేత్తో పట్టుకున్నాను. ఆయన దాని వేళ్ల వంక చూసి, కుప్పలోంచి నిన్నటి పేపరు ఒకటి లాగి, వర్గీకృత ప్రకటనల కాగితం విడదీసి దాని చేతికిచ్చారు. ‘‘ఇది చదువుకో తల్లీ, స్థలాలు అమ్మకానికి’’ అన్నారు. అది కాగితాన్ని నలిపింది. నలిపితే చప్పుడొచ్చింది. చప్పుడుకి ఆగి, కాగితం వంక చూసి, మళ్లీ నలిపింది. పావుగంట అదే పని. నేను ఆ పావుగంట వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను.

ఆ కూర్చోవడం గురించి కొంచెం చెప్పాలి. ఆ ఎనిమిది నెలల్లో దాన్ని ఎత్తుకుని నేను వెళ్లిన చోట్లు ఆస్పత్రి, మందుల షాపు, గుడి, రెండు పెళ్లిళ్లు, ఓ బట్టల కొట్టు. ఆస్పత్రిలో టోకెన్ ఉండాలి. కొట్టులో ఏదో ఒకటి కొనాలి. గుడిలో క్యూ కదులుతుండాలి. పెళ్లిలో అయితే పిల్ల చేతులు మారుతూ ఎక్కడో తేలుతుంది, మనకి దాని ఏడుపు మాత్రమే వినిపిస్తుంటుంది. ఏమీ కొనకుండా, ఎవరికీ ఏమీ కాకుండా, చంటిపిల్లతో ఓ తల్లి అరగంట ఊరికే కూర్చోగలిగే చోటు మా ఊళ్లో ఏదీ అంటే నాకు తట్టేది ఆ వరండా ఒక్కటే. పార్కు ఉంది, కాకపోతే దానికి బెంచీలు లేవు.

లేచి లైబ్రేరియన్ మేడమ్ బల్ల దగ్గరికి వెళ్లి, పిల్ల పేరు మీద సభ్యత్వం కావాలన్నాను. ఆవిడ ముందు నన్ను, తర్వాత దాన్ని చూశారు.

‘‘పిల్లల కార్డంటే బడికెళ్లే పిల్లలకమ్మా. ఫారంలో తరగతి రాయాలి.’’

‘‘వయసు రాస్తానండీ. 8 నెలలు.’’

‘‘ఆధార్ ఉందా?’’ అని ఆవిడ నవ్వులాటకే అడిగారు. నా దగ్గర ఉంది. రెండో నెలలోనే తీయించిన నీలం రంగు బాల ఆధార్. తీసి బల్ల మీద పెట్టేసరికి ఆవిడ నవ్వు ఆగిపోయి ఇబ్బంది మొదలైంది. ‘‘అది కాదమ్మా... ఇంకా చదవలేదు కదా. మీ పేరు మీద తీసుకోండి, దానికి చూపించండి. ఎవరు వద్దంటారు?’’

ఆవిడని తప్పుపట్టను. ఆవిడకి ఉన్నవి రెండు చేతులు, ఒక అటెండరు, ఇంకో ఊరి గ్రంథాలయం ఇన్‌చార్జి బాధ్యత అదనం. కానీ ‘ఇంకా చదవలేదు కదా’ అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మా అమ్మ అన్నదీ, కానుగ చెట్టు కిందికి వెళ్లిన అబ్బాయి మనసులో అనుకున్నదీ బహుశా అదే.

చదవడం వచ్చినవాళ్ల కోసమే గ్రంథాలయం అయితే మన గ్రంథాలయ చరిత్రలో సగం కొట్టేయాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల వాళ్లు సభ పెట్టి సంఘం కట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. ఆ ఊళ్లలో అక్షరం వచ్చినవాళ్లెందరు? పదిమందిలో ఒక్కడు చదవగలిగితే గొప్ప. చదవగలిగిన ఆ ఒక్కడు పేపరు బిగ్గరగా చదివేవాడు, మిగతావాళ్లు చుట్టూ కూర్చుని వినేవారు. రాత్రి బడులు గ్రంథాలయాల్లోనే నడిచాయి. అక్షరం రానివాడు గ్రంథాలయానికి రాకూడదని ఆ కాలంలో ఎవరన్నా అని ఉంటే గ్రంథాలయోద్యమమే లేదు.

మా జిల్లా కథ ఇంకా బాగుంటుంది. 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవెక్కించారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కృష్ణా కాలువ మీద ఆ పడవ గ్రంథాలయం నడిచింది. రేవులో పడవ ఆగితే ఒడ్డున ఎవరెవరుంటారో ఓసారి ఊహించుకోండి. నీళ్లకొచ్చినవాళ్లు, బట్టలుతికేవాళ్లు, గేదెల్ని కడిగేవాళ్లు, చంకలో చంటిపిల్లలు. కాలువ గట్టు మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు పెట్టి ఉంటారనుకోను. పుస్తకాలు జనం దగ్గరికి వెళ్లినప్పుడు జనం ఎలా ఉంటే అలా ఉన్నారు. జనం పుస్తకాల దగ్గరికి రావడం మొదలయ్యాక నోరు మూసుకుని రమ్మన్నాం.

గ్రంథాలయ శాస్త్రం చదివిన ప్రతివాళ్లూ రంగనాథన్ గారి ఐదు సూత్రాలు బట్టీ పడతారు. 1931 నాటివి. మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడడానికి. రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. తాళం వేసిన అద్దాల బీరువా మొదటి సూత్రానికే అడ్డం పడుతుంది. పుస్తకాన్ని దూరంనించి చూసి దణ్ణం పెట్టుకునే వస్తువుగా మనకి అలవాటు చేసింది ఆ అద్దమే అని నాకో అనుమానం. కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం, దసరాకి బొట్టు పెడతాం, అన్నప్రాశనకి చాప మీద పెడతాం. నిజంగా పిల్ల పట్టుకుని లాగితే ‘‘అయ్యో, చింపేస్తుంది’’ అంటాం. చాప మీద పట్టుకుంటే కటాక్షం, బల్ల మీద పట్టుకుంటే అల్లరి. చెయ్యి అదే కదా.

చింపుతుందా? చింపుతుంది. నేనేం బుకాయించను. ఎనిమిది నెలల పిల్లకి పుస్తకం అంటే ముందు నోరు, తర్వాత చెయ్యి, ఆ తర్వాతెప్పుడో కన్ను. అందుకే దానికి అట్ట పుస్తకాలు కావాలి. పేజీలన్నీ మందపాటి అట్టతో, మూలలు గుండ్రంగా, పేజీకో బొమ్మతో ఉండేవి. ఆ రోజు అటెండరు బాలల బీరువా తాళం తీసినప్పుడు లోపల ఉన్నవన్నీ పల్చటి మధ్యకుట్టు పుస్తకాలు. కుట్టు అంటే రెండు పిన్నులు, ఆ పిన్నులు తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మరకలు. ఒకదాని వెనక తేదీల చీటీ చూస్తే ఆఖరి ముద్ర 2011లో పడింది. అంటే ఆ పుస్తకం తెరిచినవాళ్లెవరో ఇప్పుడు లోపల హాలులో గ్రూప్స్‌కి చదువుతున్నా చదువుతుండొచ్చు.

తెలుగులో అట్ట పుస్తకాలు ఎన్ని ఉన్నాయంటే వేళ్ల మీద లెక్కపెట్టాలి. ‘మంచి పుస్తకం’, ప్రథమ్ బుక్స్, తూలిక లాంటి ప్రచురణ సంస్థలవాళ్లు పిల్లల కోసం తెలుగులో మంచి పుస్తకాలు తెస్తున్నారు, వాళ్లకి దణ్ణం. అయితే వాటిలో ఎక్కువ భాగం కాస్త పెద్ద పిల్లలవి. నోట్లో పెట్టుకునే వయసువాళ్లకి బజార్లో దొరికేది ‘ఏ ఫర్ ఆపిల్’. మా పిల్ల ఆపిల్ ఇంకా చూడలేదు, జామకాయ చూసింది.

ఇక్కడ ఇంకో మాట ఒప్పుకోవాలి. చంటిపిల్లలకి పుస్తకాలు చూపిస్తే మెదడు పెరుగుతుంది, ఐక్యూ పెరుగుతుంది, బళ్లో ఫస్టొస్తారు అనే ప్రచారం నాకు పడదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లో పుట్టినప్పటి నుంచే పిల్లలకి బిగ్గరగా చదివి వినిపించమని తల్లిదండ్రులకి చెప్పాలంది. మంచిదే. కానీ మన దగ్గరికొచ్చేసరికి ఆ మాట కూడా ఓ కోచింగ్ అయి కూర్చుంటుందని నా భయం. ఆరో నెలకే ఫ్లాష్ కార్డులు తిప్పే తల్లులు నాకు తెలుసు. పాపం, వాళ్ల మొహంలో నా మొహమే కనబడుతుంది. నేను దాన్ని తీసుకెళ్లింది మెదడు కోసం కాదు. ఈ ఊళ్లో తనకో చోటుందని దానికి తెలియాలి. మెట్లు ఎన్ని, గచ్చు ఎంత చల్లన, ఫ్యాను ఎలా కిర్రుమంటుంది, పాత కాగితం వాసన ఎలా ఉంటుంది, ఇవన్నీ అక్షరాల కంటే ముందే ఒంటికి తెలియాలి. గుడికి అలాగే కదా అలవాటు చేస్తాం? మంత్రం అర్థమయ్యాకే గుడికి రమ్మని ఏ పిల్లకీ చెప్పలేదు.

మా పిన్ని కూతురు డాలస్ పక్కన ఉంటుంది. అక్కడి లైబ్రరీలో వారానికోసారి చంటిపిల్లల గంట పెడతారట. తల్లులు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని గుండ్రంగా కూర్చుంటారు, లైబ్రేరియనే చప్పట్లు కొడుతూ పాడుతుంది. ఆ గంట కాగానే తలుపు తీసి మళ్లీ మామూలే. ‘‘నాకు ఇక్కడ మొదటి తెలుగు స్నేహితురాలు దొరికింది ఆ గుండ్రంలోనే అక్కా’’ అంటుంది. ఇంగ్లండులో 1992లో బర్మింగ్‌హామ్‌లో ఒక పని మొదలుపెట్టారు. మూడొందల కుటుంబాలకి, పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సుల చేతుల మీదుగా, పుస్తకం ఉన్న చిన్న సంచి ఇచ్చారు. బుక్‌స్టార్ట్ అని పేరు. అది దేశమంతా పాకింది.

నర్సు చేతుల మీదుగా అన్నది నాకు నచ్చిన ముక్క. మనకి అంతకంటే మంచి దారే ఉంది. తొమ్మిది నెలలు నిండగానే ప్రతి పిల్లకీ మీజిల్స్, రుబెల్లా టీకా వేయించాలి. మన నర్సు, అదే ఏఎన్‌ఎమ్ అమ్మాయి, ఫోన్ చేసి మరీ పిలుస్తుంది, టీకా కార్డు మీద తేదీ వేస్తుంది. ఆ రోజే ఓ అట్ట పుస్తకం, ఊరి గ్రంథాలయం పేరూ వేళలూ ఉన్న ఓ చీటీ చేతిలో పెడితే? సూది పొడిచిన ఏడుపుకి మందు కూడా అవుతుంది. డబ్బులెక్కడివంటారా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. నాన్న రసీదు తీసి చూపించాడు, ఆ గడి విడిగా ఉంది. మున్సిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసినదంతా గ్రంథాలయ సంస్థలకి వేళకి చేర్చడం లేదన్నది పాత గొడవే. అయినా కడుతున్నది మనం. మా అమ్మ ముప్పై మూడేళ్లుగా ఎక్కని మెట్లకి ముప్పై మూడేళ్లుగా పన్ను కడుతోంది.

మరి ఆ అబ్బాయి సంగతి? కుర్చీ ఎత్తుకెళ్లినవాడు. అతని మీద గెలవాలని నాకు లేదు. అతనికి ఇంట్లో చదువుకునే గది ఉండకపోవచ్చు. కోచింగ్ సెంటర్ రీడింగ్ రూములో నెలకి కట్టే డబ్బు ఉండకపోవచ్చు. ఊళ్లో డబ్బు అడగకుండా నిశ్శబ్దం ఇచ్చే చోటు కూడా ఆ ఒక్కటే. ఉన్న ఒక్క గదిలో అతనికి నిశ్శబ్దం కావాలి, నాకు చప్పుడు కావాలి. మా ఇద్దరిలో ఎవరో ఒకరు సర్దుకోవాలని ఎవరన్నా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పదకొండుకి మూసి నాలుగుకి తెరిచే గ్రంథాలయం అది. మధ్యలో ఐదు గంటలు ఫ్యాన్లు ఆగిపోయి, బల్లలు ఖాళీగా పడి ఉంటాయి. వారంలో ఒక్కరోజు, ఆ ఐదులో ఒక్క గంట, వరండా చాలు. ఓ జంపఖానా, ఓ పది అట్ట పుస్తకాలు, తాళం లేని ఓ చెక్కపెట్టె. ఏనుగు పాట పాడడానికి మా అమ్మలాంటి వాళ్లు వీధికి ఇద్దరున్నారు. ఈ మాటే కాగితం మీద రాసి మేడమ్‌కి ఇచ్చాను. ‘‘పై ఆఫీసుకి పంపిస్తానమ్మా’’ అన్నారు. అటెండరుకి ఆ గంటకి జీతం ఎవరిస్తారని కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్న, అది రాయడం నేను మర్చిపోయాను.

ఆ రోజు నా కార్డు మీద రెండు పుస్తకాలు తెచ్చాం. పిన్నులు పీకేసి, పాత కాటన్ చీర అంచుతో మధ్యలో కుట్టు వేసింది ఎవరనుకున్నారు? మా అమ్మే. ‘‘నోట్లో పోతే ఎవరిది పూచీ?’’ అంటూ వేసింది. ఓ పుస్తకంలో పదిహేడో పేజీలో గ్రంథాలయం ముద్ర ఉంది. పుస్తకం ఎవరన్నా కాజేస్తే గుర్తుపట్టడానికి లోపలెక్కడో ఓ రహస్య పేజీ మీద వేస్తారు దాన్ని. మా బుడ్డదానికి ఆ పుస్తకంలో బాగా నచ్చిన బొమ్మ అదే. పిల్లి కాదు, కుందేలు కాదు, ఊదారంగు గుండ్రటి ముద్ర. వేలు పెట్టి గీకి ‘‘త్తా’’ అంటుంది. పధ్నాలుగు రోజులు తిరిగేసరికి కింది మూల నానిపోయింది. ఎండలో ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తీసుకెళ్లాను. మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టుని వేలితో తడిమి, ‘‘మిగతావి కూడా ఇలా కుట్టిపెడతారా అమ్మగారు?’’ అన్నారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రం దారపు ఉండ ఎక్కడుందని మాత్రం అడిగింది. మూడు రోజులు పోయాక, ‘‘పద, నేనూ వస్తాను, ఎన్నున్నాయో చూస్తే కదా తెలిసేది’’ అని చీర మార్చుకుంది. ముగ్గురం ఆటో మాట్లాడుకుని వెళ్లాం. గేటుకి తాళం. శుక్రవారమని ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేదు. అమ్మ నా వంక చూసింది. బుడ్డది మాత్రం వంగి ఆ ఇనప తాళం రెండు చేతుల్తో పట్టుకుని, నోటి దగ్గరికి లాక్కుంటోంది.